ట్రెయిలర్ బరువు, డీజిల్ పికప్, ఎగ్జాస్ట్ వేడి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వేసవి ప్రయాణాలు మొదలయ్యే ముందు డీజిల్ పికప్ ట్రక్కుల మీద ప్రశ్నలు రావడం ఈ శీర్షికకు మామూలే. ఈసారి వచ్చిన వాటిలో అధిక భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. వెనుక ట్రెయిలర్ కట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు ఇంజను నుంచి వెలువడే ఎగ్జాస్ట్ వాయువుల వేడిని కొలవడం ఎలా, కొలిచిన అంకెను నమ్మడం ఎంతవరకు అన్నదే ఆ విషయం. కనుక ఈ సంచికలో ఇతర ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే చోటు ఇస్తున్నాము. వేరుగా చెప్పని చోట డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనివే.

ప్రశ్న: నా దగ్గర 2001 నాటి డాడ్జ్ రామ్ 2500 ఉంది. 5.9 లీటర్ల కమిన్స్ 24 వాల్వుల ఇంజను, ఆటోమేటిక్ గేరుబాక్సు. నాకు అమ్మిన ఆయన దానికి పవర్ పెంచే ట్యూనర్ పెట్టె ఒకటి, డ్రైవరు పక్క స్తంభం మీద ఎగ్జాస్ట్ వేడిని చూపే గేజు ఒకటి బిగించి ఉంచారు. సుమారు 7,500 పౌండ్ల ట్రావెల్ ట్రెయిలర్‌తో సిల్వర్‌తోర్న్ నుంచి ఐసెన్‌హోవర్ టనెల్ వైపు ఐ-70 హైవే మీద ఎక్కుతుంటే ముల్లు 1,350 దాకా వెళ్ళి అక్కడే నిలబడింది. అదే సమయంలో రేడియేటర్ నీళ్ళ గేజు మాత్రం ఎప్పటి చోటనే ఉంది. తెలిసినవారిలో కొందరు ఇంజను కరిగిపోతుందని భయపెడుతున్నారు, కొందరు నీళ్ళ గేజు బాగుంటే చాలునంటున్నారు. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు, అరోరా, కొలరాడో

జవాబు: రెండో వర్గం మాట మాత్రం వినవద్దు. పొయ్యి మీద ఎసరు ఎంత కాగిందో నీళ్ళ గేజు చెబుతుంది, కింద మంట ఎంత ఉన్నదో ఎగ్జాస్ట్ గేజు చెబుతుంది. మీరు పెడల్ మీద కాలు నొక్కిన రెండు మూడు సెకన్లలో ఎగ్జాస్ట్ వేడి వందల డిగ్రీలు పెరగగలదు. కాని అంత ఇనుమును, అన్ని గ్యాలన్ల నీటిని వేడెక్కించి ఆ సంగతి నీళ్ళ గేజు మీద కనబడడానికి నిమిషాలు పడుతుంది, పైగా రేడియేటర్ ఫ్యాను బాగా పనిచేస్తుంటే కనబడకపోవచ్చు కూడా. పిస్టన్ల తలలు, ఎగ్జాస్ట్ వాల్వులు, టర్బో (ఎగ్జాస్ట్ వాయువుల తోపుతో తిరిగి ఇంజనులోకి అదనపు గాలిని నెట్టే పరికరం) చక్రం దెబ్బతింటున్న సమయంలో నీళ్ళ ముల్లు ప్రశాంతంగా మధ్యలో ఉండడం డీజిల్ ఇంజన్లలో వింతేమీ కాదు.

అయితే మొదటి వర్గం మాటను ఒప్పుకునే ముందు మీరు బానెట్ ఎత్తి ఒక పని చేయాలి. గేజు వెనుక నుంచి వచ్చే వైరు వెంట పోయి దాని కొసన ఉన్న ప్రోబు ఎక్కడ దిగబడి ఉన్నదో చూడండి. అది సిలిండర్ల నుంచి వచ్చే పొగను ఒకచోటికి చేర్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో, అంటే టర్బోకు ముందు ఉంటే మీరు చూసిన 1,350 నిజంగా 1,350. టర్బో దాటిన తర్వాత పైపులో ఉంటే పరిస్థితి చాలా తీవ్రమైనది, ఎందుకంటే ఎగ్జాస్ట్ వాయువులు టర్బో చక్రాన్ని తిప్పడంలో తమ శక్తిని కొంత పోగొట్టుకుని చల్లబడతాయి. భారీ బరువు లాగుతున్నప్పుడు ఈ తేడా సాధారణంగా 200 నుంచి 300 డిగ్రీలు ఉంటుంది. అప్పుడు టర్బో తరువాత 1,350 అంటే దానికి ముందు 1,550 దాటిందన్న మాట, ఆ వేడిలో ఆ కొండ ఎక్కకూడదు. చదునైన రోడ్డు మీద తేలికగా పోతున్నప్పుడు ఈ తేడా బాగా తగ్గిపోతుంది కనుక టర్బో తరువాతి అంకెకు ఎప్పుడూ ఒకే మొత్తాన్ని కలిపి అసలు వేడిని లెక్కకట్టడం కుదరదు. అమ్మినవారు ఏమి చెప్పినా సరే, మీ కంటితో చూసేవరకు ఆ గేజు అంకెకు అర్థం లేదు.

ఇప్పుడు ప్రోబు మానిఫోల్డ్‌లోనే ఉన్నదని అనుకుని మాట్లాడుకుందాము. అమెరికాలో డీజిల్ పికప్‌లతో బరువులు లాగేవారి అనుభవంలో టర్బోకు ముందు 1,250 డిగ్రీలు, అంటే సుమారు 677 సెల్సియస్, ఎంతసేపైనా భరించదగిన పరిమితిగా స్థిరపడింది. లారీని దాటడానికి పది సెకన్లు గట్టిగా తొక్కినప్పుడు ముల్లు 1,300 మీదకు పోయి వెనక్కి రావడం వేరు, కొండ పొడవునా నిమిషాల తరబడి 1,350 మీద కూర్చోవడం వేరు. 1,400 కనబడితే ఎంత తొందరలో ఉన్నా కాలు తీయవలసిందే. స్వచ్ఛమైన అల్యూమినియం 1,220 డిగ్రీల వద్ద కరుగుతుంది, పిస్టన్లేమో అల్యూమినియం మిశ్రమంతో చేసినవి. ఈ రెండింటినీ కలిపి చూసే మీ మిత్రులు పిస్టన్ కరుగుతుందని భయపెడుతున్నారు. కాని గేజు చూపేది వాయువు వేడి, లోహం వేడి కాదు. సిలిండరులో మంట మామూలుగానే 3,500 డిగ్రీలు దాటుతుంది. అయినా పిస్టన్ బతికి ఉండడానికి కారణం ఆ మంట క్షణంలో కొంత భాగమే ఉండడం, వెంటనే తాజా గాలి లోపలికి రావడం, కింది నుంచి నూనె ధార పిస్టన్ అడుగును తడుపుతూ ఉండడం. వేడి రాక పోకల మధ్య ఉన్న ఈ సమతూకం ఎంత సేపు చెడితే అంత నష్టం జరుగుతుంది కనుకనే ముల్లు ఎక్కడికి పోయిందన్న దానితో పాటు అక్కడ ఎంతసేపు ఉన్నదన్నది కూడా చూడాలి.

మీ కొండ మీద అంత వేడి ఎందుకు వచ్చిందో కూడా అర్థం చేసుకోవాలి. పెట్రోలు ఇంజను అలవాటు ఉన్నవారు ఇంధనం తక్కువైతే ఇంజను వేడెక్కుతుందని అనుకుంటారు. డీజిల్‌లో సంగతి తలకిందులు. డీజిల్ ఇంజను ఎప్పుడూ అవసరానికి మించిన గాలితోనే నడుస్తుంది, ఆ మిగులు గాలే వేడిని పంచుకుని చల్లబరుస్తుంది. పెడల్ తొక్కే కొద్దీ ఇంధనం పెరిగి, గాలి అంతగా పెరగకపోతే వేడి ఎగబాకుతుంది, వెనుక అద్దంలో నల్ల పొగ కనబడడం కూడా అప్పుడే. సిల్వర్‌తోర్న్ సుమారు 8,800 అడుగుల ఎత్తున ఉంది, టనెల్ పడమటి ద్వారం 11,158 అడుగుల మీద ఉంది, మధ్యలో 7 శాతం వరకు నిటారు. ఆ ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టం వద్ద ఉండేదానిలో 70 శాతం దగ్గరే ఉంటుంది. టర్బో మరింత వేగంగా తిరిగి ఆ లోటును కొంత పూడుస్తుంది గాని పూర్తిగా కాదు. ఇంతలో మీ ట్యూనర్ పెట్టె గాలి ఉన్నదా లేదా అని చూడకుండా ఇంధనాన్ని ఎక్కువగా పోస్తున్నది. బరువు లాగే రోజున ఆ పెట్టెను ఫ్యాక్టరీ స్థాయికి దించాలి, దించే వీలు లేని పెట్టె అయితే ఊడదీయాలి. ఈ విషయంలో మాకు మధ్యేమార్గం ఏదీ కనబడలేదు.

తరువాతది గేరు. మీ ట్రక్కులో వెనుక ఇరుసు నిష్పత్తి 3.54 అయితే గంటకు 60 మైళ్ళ వేగంలో ఓవర్‌డ్రైవ్‌లో (అన్నిటికంటే పై గేరులో) ఇంజను నిమిషానికి సుమారు 1,700 చుట్లు, ఓవర్‌డ్రైవ్ తీసేస్తే సుమారు 2,400 చుట్లు తిరుగుతుంది. తక్కువ చుట్ల మీద మూలుగుతూ లాగుతున్న ఇంజనుకు ప్రతి పేలుడులోనూ ఎక్కువ ఇంధనం కావాలి, టర్బో మాత్రం తగినంత గాలి పంపలేదు. గేరు తగ్గిస్తే అదే పని ఎక్కువ పేలుళ్ళ మధ్య పంచబడుతుంది, గాలి ప్రవాహం పెరుగుతుంది, నీళ్ళ పంపు, ఫ్యాను కూడా వేగం అందుకుంటాయి. ఇంజను చప్పుడు పెరిగిందని ఇంట్లోవారు కంగారు పడినా ముల్లు మాత్రం దిగుతుంది. కొండ మొదట్లోనే, వేగం పడిపోక ముందే ఓవర్‌డ్రైవ్ బటన్ నొక్కండి, 50 మైళ్ళ దగ్గర మూడవ గేరులో స్థిరపడండి, అప్పటికీ 1,250 దాటుతుంటే కాలు కొంచెం కొంచెంగా పైకి తీస్తూ ముల్లు ఎక్కడ ఆగుతుందో ఆ వేగాన్ని ఒప్పుకుని కుడి లేనులో వెళ్ళండి. క్రూయిజ్ కంట్రోల్‌ను కొండ మీద వాడవద్దు. దానికి వేగం తప్ప వేడి తెలియదు.

ఇవన్నీ చేసినా ఇదే కొండ మీద గత ఏడాది కంటే ఈ ఏడాది ముల్లు పైకి పోతుంటే లోపం గాలి దారిలో వెతకాలి. బూస్టును, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడిని, చూపే గేజు కూడా పెట్టించుకుంటే ఈ వెతుకులాట సులువు అవుతుంది. మీ ఇంజనుకు ఫ్యాక్టరీ స్థితిలో నిండు బరువు మీద చదరపు అంగుళానికి 20 పౌండ్ల చుట్టుపక్కల బూస్టు రావాలి. బూస్టు తగ్గి వేడి పెరిగితే టర్బోకు, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు మధ్య రబ్బరు గొట్టం ఎక్కడో కారుతున్నదని గట్టిగా అనుమానించవచ్చు. గొట్టాలలో కొద్దిపాటి ఒత్తిడితో గాలి నింపి, క్లాంపుల మీద సబ్బు నీళ్ళు పోస్తే బుడగలు లేచిన చోట లీకు దొరుకుతుంది. మెకానిక్ ముందుగా టర్బో మార్చమంటే ఈ పరీక్ష చేశారా అని అడగండి. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, పురుగులు, దుమ్ము పేరుకున్న ఇంటర్‌కూలర్ రెక్కలు, ఇంధనం కార్చే ఇంజెక్టరు ఆ తరువాత చూడవలసినవి.

ప్రశ్న: నాది 2019 ఫోర్డ్ ఎఫ్-250, 6.7 లీటర్ల పవర్ స్ట్రోక్. బండి కంప్యూటరు సమాచారం ఇచ్చే ఓబీడీ సాకెట్‌కు చిన్న పరికరం పెట్టి ఫోనులో చూస్తే ఎగ్జాస్ట్ వేడికి నాలుగు అంకెలు వస్తున్నాయి, నాలుగూ వేరువేరుగా ఉన్నాయి. ఒకరోజు ట్రెయిలర్ లేకుండా, చదునైన రోడ్డు మీద, ఒక అంకె 1,100 దాటింది. మానిఫోల్డ్‌కు రంధ్రం చేసి అసలైన ప్రోబు పెట్టించమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. పెట్టించమంటారా? – ఒక పాఠకుడు, కేటీ, టెక్సాస్

జవాబు: పెట్టించవద్దు. వారంటీ ఉన్నా లేకున్నా, ఇంజనును మార్చకుండా ఫ్యాక్టరీ స్థితిలో నడిపే మీ ట్రక్కుకు ఆ రంధ్రం వలన కొత్తగా తెలిసేది తక్కువ. మీరు చూస్తున్న నాలుగు సెన్సార్లూ టర్బో దాటిన తర్వాత, పొగను శుద్ధిచేసే డబ్బాల వరుసలో అక్కడక్కడ ఉన్నవి. మీ ఇంజనులో మొదట ఆక్సిడేషన్ డబ్బా, తరువాత డీఈఎఫ్ ద్రవంతో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే డబ్బా, చివర మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు ఉంటాయి. మొదటి సెన్సారు ఈ వరుసకు ముందు, చివరిది వరుస అంతా అయిన తరువాత ఉంటుంది. నాలుగు చోట్ల నాలుగు వేడులు ఉండడం సహజం.

చదునైన రోడ్డు మీద 1,100 కనబడడం డీపీఎఫ్ తనను తాను శుభ్రం చేసుకుంటున్న సమయం. ఫిల్టరులో మసి నిండినప్పుడు కంప్యూటరు ఎగ్జాస్ట్ వైపుకు కొంచెం డీజిల్‌ను అదనంగా పంపిస్తుంది, అది ఆక్సిడేషన్ డబ్బాలో మండి, ఆ వేడికి ఫిల్టరులోని మసి కాలిపోతుంది. అందుకే అప్పుడు మొదటి సెన్సారు కంటే రెండో సెన్సారు ఎక్కువ వేడి చూపుతుంది. ఈ తలకిందుల వరుసను గుర్తు పెట్టుకుంటే మీకు భయం ఉండదు. ఇంజను వేడెక్కి ఉంటే మొదటి సెన్సారే అన్నిటికంటే ముందుగా పెరగాలి కదా. పెద్ద ట్రెయిలర్‌తో పొడుగాటి ప్రయాణం చేసిన రోజున ఎగ్జాస్ట్ దానంతట అదే వేడిగా ఉండి మసి క్రమంగా కాలిపోతుంది కనుక ఇలాంటి శుద్ధి అవసరం తగ్గుతుంది. కిరాణా కొట్టుకు, బడికి తిరిగే ట్రక్కుకే ఇది తరచుగా వస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. శుద్ధి జరుగుతుండగా లేదా జరిగిన వెంటనే ఎండిన గడ్డి మీద ట్రక్కును ఆపవద్దు. ఆగస్టులో టెక్సాస్ గడ్డికి ఆ పైపు వేడి చాలు.

మీ బండికి కొండ ఎక్కే శక్తి ఉన్నదా అన్న అనుమానమూ అక్కరలేదు. ఈనాటి ట్రెయిలర్ బరువు పరిమితులను లెక్కించే ఎస్ఏఈ జే2807 ప్రమాణంలో అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఘాట్ పరీక్ష ఒకటి ఉంది. 100 డిగ్రీల ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, 11.4 మైళ్ళ పొడవున కొండ ఎక్కుతూ వెనుక ఒంటి చక్రాల పికప్ గంటకు 40 మైళ్ళకు తగ్గకుండా లాగాలి. పైగా వేడి హద్దు మీరితే మీ కంప్యూటరే ఇంధనాన్ని తగ్గించి పవర్ దించుతుంది. కొండ మధ్యలో పెడల్ తొక్కినా బండి మునుపటిలా లాగకపోతే దానిని చెడిపోవడం అనుకోకుండా, కాలు తీసి గేరు తగ్గించండి. ఇదంతా ఎవరూ ముట్టని ట్రక్కు మాట. పొగ శుద్ధి డబ్బాలు పీకించి, ట్యూనింగ్ మార్పించిన ట్రక్కులకు ఈ రక్షణ ఉండకపోవచ్చు, పైగా ఆ పని అమెరికా సమాఖ్య చట్టానికి విరుద్ధం కూడా.

ప్రశ్న: 1997 ఫోర్డ్ ఎఫ్-350, 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ కొన్నాను. గుర్రాల ట్రెయిలర్ లాగడానికి. ఎగ్జాస్ట్ గేజు నేనే బిగించుకుందామని ఉంది. డ్రిల్ వేస్తే ఇనుప రజను టర్బోలో పడుతుందని భయం. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? – ఒక పాఠకురాలు, డెంటన్, టెక్సాస్

జవాబు: మీ ట్రక్కుకు ఈ గేజు నిజంగా అవసరం. ఆ ఏళ్ళ 7.3 ఇంజనుకు ఇంటర్‌కూలర్ లేదు. టర్బో ఒత్తిడితో వేడెక్కిన గాలి అలాగే సిలిండర్లలోకి పోతుంది, కనుక అదే బరువుకు తరువాతి సూపర్ డ్యూటీ ట్రక్కుల కంటే మీకు ఎగ్జాస్ట్ వేడి ఎక్కువగా వస్తుంది. ఫ్యాక్టరీ నుంచి దానిని కొలిచే సెన్సారు కూడా లేదు.

ప్రోబును టర్బోకు ముందే పెట్టండి. ఇది వీ-8 ఇంజను కనుక రెండు పక్కల రెండు మానిఫోల్డ్‌లు ఉంటాయి. డ్రైవరు వైపు మానిఫోల్డ్‌లో పెట్టడం చాలామంది చేసే పని. అది ఆ పక్క నాలుగు సిలిండర్ల వేడినే చూస్తుందని మాత్రం గుర్తు పెట్టుకోండి. ప్రోబు విరిగి టర్బో చక్రంలో పడుతుందన్న భయంతో కొందరు టర్బో తరువాత పెడతారు. మంచి తొడుగు ఉన్న ప్రోబు విరగడం అరుదు, సరైన అంకె తెలియకపోవడం మాత్రం ప్రతి ప్రయాణంలోనూ ఉండే లోపం.

మానిఫోల్డ్ పోత ఇనుము. అది సులువుగానే తెగుతుంది, కాని రజను పొడిగా రాలుతుంది. అతి జాగ్రత్త గలవారు మానిఫోల్డ్‌ను ఊడదీసి బల్ల మీద పెట్టి పని చేస్తారు. తుప్పు పట్టిన పాత బోల్టులు విరిగే ప్రమాదం దానిలో ఉంది, అందుకని అందరికీ అది సలహా ఇవ్వలేము. బండి మీదనే చేసేటట్లయితే డ్రిల్ బిట్టు గాడులకు, తరువాత రంధ్రంలో మర కోసే ట్యాపు గాడులకు దట్టంగా గ్రీజు పూయండి. రజను గ్రీజుకు అంటుకుని బయటకు వస్తుంది. చిన్న బిట్టుతో మొదలుపెట్టి పెద్దదానికి పోతూ, రంధ్రం అవతలికి దిగబోతున్నదని చేతికి తెలిసిన క్షణం నుంచి బిట్టును పదే పదే బయటకు తీసి తుడవండి. ఎనిమిదో వంతు అంగుళం పైపు మరతో ట్యాపు కొట్టేటప్పుడు కూడా సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ, రెండు మూడు చుట్లకొకసారి తీసి తుడిచి మళ్ళీ గ్రీజు పూయాలి. పూర్తయిన తరువాత సన్నటి అయస్కాంతపు పుల్లను లోపలికి దించి నాలుగు దిక్కులా తిప్పండి. పోత ఇనుము అయస్కాంతానికి అంటుకుంటుంది కనుక మిగిలినది చాలావరకు పైకి వస్తుంది. ఇంజనును ఐడిల్‌లో నడుపుతూ, ఆ గాలి ఒత్తిడికి రజను బయటకు ఎగిరేటట్లు డ్రిల్ వేసేవారు ఉన్నారు. పద్ధతి పనిచేస్తుంది గాని కాలే రజను ముఖం మీదకు వస్తుంది. మేము దానిని సిఫారసు చేయము.

ప్రోబు కొస వాయుప్రవాహం మధ్యకు రావాలి, గోడను ఆనుకుని ఉంటే తక్కువ చూపుతుంది. ఇక వైరు దగ్గర ఎందరో పొరపడతారు. ఇందులో వాడేది కె-రకం థర్మోకపుల్, అంటే క్రోమెల్, అల్యూమెల్ అనే రెండు మిశ్రమ లోహాల తీగలు కొసన కలిసి, వేడికి డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 41 మైక్రోవోల్టుల చొప్పున ఒత్తిడి పుట్టించే ఏర్పాటు. ఇంత స్వల్పమైన ఒత్తిడి కనుక మధ్యలో మామూలు రాగి వైరును అతికి పొడిగిస్తే ఆ అతుకుల దగ్గరి వేడి కూడా లెక్కలో కలిసి అంకె తప్పుతుంది. పొడిగించవలసి వస్తే కె-రకం తీగతోనే పొడిగించాలి. పాత ముల్లు గేజులలో కొన్నింటిని ఇచ్చిన వైరు పొడవుకు సరిచేసి పంపుతారు, వాటి వైరును కత్తిరించవద్దు, మిగిలినదాన్ని చుట్ట చుట్టి డాష్‌బోర్డు వెనుక కట్టేయండి. అమెరికా పద్ధతిలో కె-రకం తీగలలో పసుపు రంగుది ప్లస్, ఎరుపు రంగుది మైనస్. కారులో ఎరుపు అంటే ప్లస్ అని అలవాటు పడిన చెయ్యి ఇక్కడ తప్పక తారుమారు చేస్తుంది. ఇంజను వేడెక్కుతుంటే ముల్లు కిందికి పోతుంటే గేజు పాడైందని తిరిగి పంపకుండా ముందు ఆ రెండు తీగలను మార్చి చూడండి.

ప్రశ్న: ట్రెయిలర్‌తో వెళ్ళి పెట్రోలు బంకులో ఆపినప్పుడు ఇంజనును ఎంతసేపు నడుస్తుండనివ్వాలి? ఒకరు ఐదు నిమిషాలంటారు, ఒకరు అక్కరలేదంటారు. – ఒక పాఠకుడు, ఫీనిక్స్, అరిజోనా

జవాబు: గేజు ఉన్నవారికి గడియారంతో పనిలేదు. టర్బోకు ముందు 300 నుంచి 350 డిగ్రీలకు దిగగానే తాళం తిప్పవచ్చు. వేడిగా ఉన్న టర్బోను ఒక్కసారిగా ఆపితే దాని బేరింగుల చుట్టూ నిలిచిపోయిన నూనె మాడి గట్టిపడుతుంది, సమస్య అంతా అదే. హైవే దిగి సిగ్నలు దగ్గర ఆగి, బంకులో నెమ్మదిగా తిరిగే సరికే ముల్లు చాలావరకు దిగిపోతుంది, ఆపైన నిమిషమో రెండు నిమిషాలో సరిపోతుంది. నిండు బరువుతో కొండ ఎక్కి శిఖరం దగ్గర విశ్రాంతి స్థలంలో వెంటనే ఆపినప్పుడే ఐదు నిమిషాల మాట వర్తిస్తుంది.

మీరు ఇదే ఉత్తరంలో దిగుడులో ముల్లు 400కు పడిపోతున్నదని, ప్రోబు పాడైందేమోనని కూడా అడిగారు. కాలు తీసినప్పుడు ఇంధనం ఆగిపోతుంది, ఇంజను వట్టి గాలినే లోపలికి పీల్చి బయటకు నెడుతుంది. అది చల్లబడడం సహజం.  ప్రోబు సరిగానే ఉంది.

ప్రశ్న: మేము మెల్‌బోర్న్‌లో ఉంటాము. టొయోటా హైలక్స్ 2.8 డీజిల్‌తో 2,300 కిలోల క్యారవాన్ లాగుతున్నాము. మెకానిక్ టర్బో తరువాత పైపులో ప్రోబు పెట్టి, అలారం 700 సెల్సియస్ దగ్గర పెట్టుకోమన్నారు. వచ్చే సెలవులకు నలర్బార్ మైదానం మీదుగా పెర్త్ పోవాలని ఉంది, దారిలో పెద్ద కొండలు లేవు గనుక ఆ గేజును పట్టించుకోనక్కరలేదని అనుకోవచ్చా? – ఒక పాఠకుడు, విక్టోరియా, ఆస్ట్రేలియా

జవాబు: అలారం అంకెను మార్చండి. 700 అన్నది టర్బోకు ముందు ఉన్న ప్రోబుకే ఎక్కువ, తరువాత ఉన్న ప్రోబుకు అది అర్థం లేనిది. అది మోగే సమయానికి టర్బో ముందు 800 దాటి ఉంటుంది. పైన చెప్పిన 677 నుంచి టర్బో దగ్గర తగ్గే 110 నుంచి 165 సెల్సియస్ తీసివేస్తే మీ ప్రోబుకు పరిమితి సుమారు 510 నుంచి 565 మధ్య వస్తుంది. అలారాన్ని 520 దగ్గర పెట్టుకోండి. మీ ట్రక్కుకు డీపీఎఫ్ ఉంటే అది శుద్ధి చేసుకునే సమయంలో ఈ అలారం మోగవచ్చు, మీరు కొండ మీద గాని గట్టి తొక్కుడులో గాని లేకుండా మోగితే అదేనని గుర్తించవచ్చు.

కొండలు లేవన్న ధైర్యం మాత్రం వద్దు. ఘాట్ రోడ్డు పావుగంటలో అయిపోతుంది. సెడూనా నుంచి నార్స్‌మన్ దాకా ఆ మైదానాన్ని దాటే ఐర్ హైవే సుమారు 1,200 కిలోమీటర్లు, అక్కడ ఎదురుగాలి పట్టుకుంటే రోజంతా వదలదు. నిలువెత్తు క్యారవాన్ ముఖాన్ని గాలిలోకి నెట్టడానికి ఇంజను తీసుకునే శ్రమ ఎత్తు ఎక్కడానికి తక్కువేమీ కాదు, మధ్యలో దిగుడు కూడా రాదు. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. గాలి వీచనప్పుడు 110 నుంచి 90 కిలోమీటర్లకు తగ్గితేనే ఆ నిరోధం మూడింట ఒక వంతు పోతుంది. ఎదురుగాలి రోజున ఆరో గేరు వదిలి ఐదో గేరులో, 90 దగ్గర నడపండి, అయినా 520 దాటుతుంటే 85కు దిగండి. ఇంధనం నింపుకునే ప్రతి చోటా ఎయిర్ ఫిల్టరు పెట్టె తెరిచి చూడండి, ఎర్ర దుమ్ము పట్టిన ఫిల్టరు ఒక్కటే ముల్లును చాలా పైకి నెట్టగలదు, కనుక అదనంగా ఒక కొత్త ఫిల్టరు క్యారవాన్‌లో ఉంచుకోండి.